వర్లిన్ రైఫిల్‌లో పరాయి బోల్టు

“ఒరేయ్ లైల్, ఈ భూప్రపంచంలో ఇంతవరకు ఏ రైఫిలూ నాతో అబద్ధం ఆడలేదు. మనుషులు ఆడతారు. రేడియోలో వాతావరణం చెప్పేవాడు రోజూ ఆడతాడు. రైఫిల్ మాత్రం ఆడదు. నేనంటే దానికి భయం.”

ఈ మాటలన్నవాడు వెండెల్ స్ప్రాడ్లిన్. అన్న చోటు మింటన్ హాలో అనే లోయలో తుపాకీ గురి క్లబ్బు వరండా. విన్నవాడు లైల్ టాకెట్. వినక ఏం చేస్తాడు పాపం, ఇద్దరూ ఒకే ట్రక్కులో వచ్చారు, ట్రక్కు వెండెల్‌ది.

వెండెల్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ బట్టలుతికే మిషన్లు బాగుచేశాడు. ఆయన బాగుచేసిన మిషన్లు ఇంటి వంటగదిలోంచి నడుచుకుంటూ హాల్లోకి వచ్చేసేవని ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రిటైరయ్యాక ఒక భూతద్దం, ఒక పొడుగాటి కోటు కొనుక్కుని, కార్డులు అచ్చువేయించాడు. ‘వెండెల్ స్ప్రాడ్లిన్, ఆయుధ సత్యాన్వేషి. అసలా? నకలా? నన్నడగండి.’ ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు, ఆయనే ఇంటికొచ్చి చెప్పేవాడు.

అమెరికాలో కెంటకీ కొండల్లో ఆ మూల మగాళ్ళకి పాత యుద్ధపు రైఫిళ్ళంటే ప్రాణం. ఒక్కో నొక్కుకి ఒక్కో తూటా పేలే రకం, బరువైనవి, భుజం వాచిపోయేవి. వాటిలో అసలు వేరు, నకలు వేరు. ఏ దేశపు సైన్యమో వాడి పారేసిన రైఫిల్‌ని ముక్కలు కోసి పెట్టెలో పెట్టి అమ్ముతారు. మధ్యలో ఒళ్ళు మాత్రం ఇక్కడి కార్ఖానాలో చేసింది కొనుక్కుని, ఆ ముక్కలన్నీ దానికి తగిలిస్తే నకలు. ఎక్కడ పుట్టిందో అక్కడినించి పుట్టినట్టే సముద్రం దాటించి తెచ్చుకుంటే అసలు. క్లబ్బులో సగం మందివి బెల్జియం నమూనా నకళ్ళు. వెండెల్‌దీ నకలే. వంటింటి బల్లమీద తనే బిగించుకున్నాడు. “నకలు అనకు. అసలుకి తోబుట్టువు అను,” అని లైల్‌ని చాలాసార్లు సవరించాడు.

ఆ తోబుట్టువు ఈమధ్య బాగా సతాయిస్తోంది. వసంతకాలం నించీ నాలుగు తూటాలు పేలితే అయిదోది ఇరుక్కుంటోంది. వెండెల్ మొదట తూటాలని తిట్టాడు. తర్వాత గాల్లో చెమ్మని తిట్టాడు. తర్వాత, పక్కన నిలబడి గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడని లైల్‌ని తిట్టాడు. రైఫిల్ విప్పి చూసుకోవచ్చుగా అని లైల్ అంటే, డాక్టరు తన నాడి తను చూసుకుంటాడా అన్నాడు.

ఇంతకుముందు ఆయన ఛేదించిన కేసులూ ఇలాంటివే. పోయినేడు హార్డ్‌వేర్ కొట్టు ఎస్టిల్ రైఫిల్ కర్రమీద ఆస్ట్రియా సైన్యపు రహస్య ముద్ర కనిపెట్టాడు. క్లబ్బంతా చప్పట్లు కొట్టాక, అది ఎస్టిల్ కుక్క పంటిగాటని తేలింది. వెండెల్ ఓటమి ఒప్పుకోలేదు. ఆ కుక్క ఏ దేశంది అని అడిగాడు.

క్లబ్బు మొత్తానికి అనుమానం లేని అసలు రైఫిల్ ఒక్కటే ఉండేది. అది వర్లిన్ ముల్లిన్స్‌ది. బెల్జియంలో పుట్టి, పుట్టినట్టే వచ్చింది. ఒంటి మీదా లోపలి ముక్కల మీదా ఒకటే నంబరు. వర్లిన్ మార్చి నెలలో పోయాడు. పోయేముందు మంచం పక్కన లైల్‌ని కూర్చోబెట్టుకుని, “రైఫిల్ నీ బీరువాలో పెట్టుకో. కళ్ళముందుంటే ఓపల్ తట్టుకోలేదు. తననీ కాస్త చూస్తుండు,” అన్నాడు. ఓపల్ వర్లిన్ భార్య. లైల్ రెండు పనులూ నిష్ఠగా చేస్తున్నాడు. రెండో పని మరీ నిష్ఠగా.

లైల్ భార్య పోయి చాలా ఏళ్ళయింది. వారానికోసారి పెద్ద ఎనామిల్ గిన్నెలో బీన్సు ఉడకబెట్టి, పంది మాంసం ముక్కలేసి, ఓపల్ ఇంటికి పట్టుకెళ్ళేవాడు. ఆ గిన్నె మళ్ళీ లైల్ ఇంటికి వచ్చేటప్పుడు అందులో మొక్కజొన్న రొట్టో, లోపల ఆపిల్ ముక్కలు పెట్టి చేసిన ‘పై’ అనే తీపి వంటకమో ఉండేది. ఆ కొండల్లో ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివెళ్ళదు. అలా వెళ్ళిందంటే మీతో మాకిక పనిలేదని చెప్పినట్టే. లైల్‌కి బతుకులో మిగిలిన సంతోషమంతా ఆ గిన్నె అటూ ఇటూ తిరగడంలోనే ఉంది. ఈ సంగతి ఆయన తనకి తాను కూడా ఒప్పుకోలేదు.

సెప్టెంబరులో వర్లిన్ పుట్టినరోజు. ఆ ఆదివారం క్లబ్బువాళ్ళంతా ఆయన రైఫిల్‌తో తలా ఒక తూటా కాల్చాలని, ఆఖరి తూటా ఓపల్ కాల్చాలని నిర్ణయించారు. రైఫిల్ ఆర్నెల్లుగా బీరువాలో ఉంది కాబట్టి ముందొకసారి విప్పి చూడటం మంచిదన్నాడు ఎస్టిల్. ఆ మాట ఎస్టిల్ నోట్లోంచి పూర్తిగా రాకముందే వెండెల్ భూతద్దం తీశాడు.

క్లబ్బు బల్ల చుట్టూ అందరూ నిలబడ్డారు. ఓపల్ ఆపిల్ పై తెచ్చి ఒక పక్కన కూర్చుంది. బెల్జియం నమూనా రైఫిల్ మధ్యకి విరిచినట్టు తెరుచుకుంటుంది. వెండెల్ దాన్ని తెరిచి, వెనకనించి బోల్టు లాగాడు. తూటాని గొట్టంలోకి తోసి, పేలేటప్పుడు వెనక తలుపులా బిగుసుకునే ఇనప ముక్క అది. అది లేకపోతే రైఫిల్‌తో పొయ్యి ఎగదోసుకోవాల్సిందే. వెండెల్ బోల్టు చూశాడు. ఒంటిమీద నంబరు చూశాడు. మళ్ళీ బోల్టు చూశాడు. భూతద్దం కిందపెట్టి టోపీ తీశాడు.

“మిత్రులారా, ఎవరూ గది వదిలి వెళ్ళొద్దు. ఇది హత్య కాదు.”

హత్య అని ఎవరన్నారని ఎస్టిల్ అడిగాడు.

“హత్య కంటే ఘోరం,” అన్నాడు వెండెల్. “వర్లిన్ రైఫిల్‌లో వర్లిన్ బోల్టు లేదు. ఎవడో నకలు ముక్క దూర్చి అసలుని ఎత్తుకుపోయాడు.”

ఎస్టిల్ వంగి చూశాడు. నిజమే. నంబర్లు కలవలేదు. వెండెల్ చెప్పింది నిజం కావడం అదే మొదటిసారి కాబట్టి అందరికీ మాట పడిపోయింది. అంతా లైల్ వైపు చూశారు. లైల్ ఓపల్ వైపు చూశాడు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితేనే నయమనిపించేది. మెల్లిగా, “నీ బీరువాలోనే ఉంది కదా లైల్?” అంది.

“నా బీరువాలోనే ఉంది,” అన్నాడు లైల్.

“తాళం?”

“తాళం నా దగ్గరే ఉంది.”

ఓపల్ ఆపిల్ పై కొయ్యకుండానే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున లైల్ తలుపు తీస్తే మెట్టుమీద ఆయన ఎనామిల్ గిన్నె ఉంది. తళతళా తోమి ఉంది. ఖాళీగా ఉంది. తలుపు కూడా తట్టలేదు ఆవిడ.

లైల్ ఆ గిన్నె లోపలికి తెచ్చి, పొయ్యిమీద పెట్టి, అందులో ఏమీ వేయకుండా చాలాసేపు దానివంక చూస్తూ కూర్చున్నాడు. రైఫిల్ దొంగ అన్నా భరించగలడు. చనిపోయిన స్నేహితుడి దగ్గర కాజేశాడని ఆవిడ నమ్మిందన్నదే ఆయన గుండెలో ముల్లైంది.

ఆ గుండె మీదే వెండెల్ వచ్చి కూర్చున్నాడు. కేసు తను చేపట్టానని ప్రకటించాడు.

“నా అనుమానితుడివి నువ్వే, నా సహాయకుడివీ నువ్వే. ఇద్దరూ ఒకడే అయితే పెట్రోలు కలిసొస్తుంది. ఎక్కు ట్రక్కు.”

“నన్ను అనుమానిస్తూ నన్నే వెంటేసుకు తిరుగుతావా?”

“నేరస్థుడి మీద కన్నేసి ఉంచడం మొదటి సూత్రం. అయినా నాకు కాఫీ ఫ్లాస్కు పట్టుకునేవాడు కావాలి.”

లైల్ ఎక్కాడు. ఇంట్లో ఆ గిన్నెని చూస్తూ కూర్చోవడం కంటే ఇదే నయమనుకున్నాడు. ఆ వారమంతా వాళ్ళ దర్యాప్తు సాగింది. ఎస్టిల్ కొట్లో రంగు డబ్బాల వెనక నక్కి, వచ్చేపోయేవాళ్ళని గమనిస్తూ వెండెల్ ఒక పసుపు డబ్బాలో మోచెయ్యి పెట్టాడు. పొడుగాటి పెట్టె పట్టుకుని హడావుడిగా పోతున్న ఒకాయన్ని ఊరి పొలిమేరదాకా వెంబడించి, ట్రక్కు అడ్డంపెట్టి, పెట్టె తెరిపించాడు. అందులో చర్చిలో వాయించే బాకా ఉంది. వెండెల్ దాన్నీ భూతద్దంతో చూసి, ఇది కూడా అసలు కాదన్నాడు.

తర్వాత క్లబ్బులో బెల్జియం నమూనా ఉన్న ప్రతివాడి ఇంటికీ వెళ్ళి, రైఫిల్ విప్పించి, బోల్టు చూశాడు. ఎవరి దగ్గరా వర్లిన్ నంబరు లేదు. అందరివీ చూశాను, ఒక్కడూ మిగల్లేదు, ఇక బయటివాడికి అమ్మేసి ఉంటావు అని ట్రక్కులో లైల్‌కి సానుభూతిగా చెప్పాడు. లైల్‌కి వాదించే ఓపిక లేదు. తన రైఫిల్ అమెరికా నమూనాది, ఆ బోల్టు తనకెందుకు అని ఒక్కమాట మాత్రం అడిగాడు. ఉద్దేశం ఆఖర్న తేలుస్తానన్నాడు వెండెల్.

దారిలో ఆగి, దొరికిన ఆ పరాయి బోల్టుని కోటు జేబులోంచి రుమాలుతో తీసి, సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాడు. “ఇది చూడు. దీని యజమాని ఎలాంటివాడో ఇదే చెప్తోంది. ఇక్కడ ఆకురాయి పెట్టి రుద్దాడు. ఏ సైన్యంలోనూ ఇలా రుద్దరు. వంటింట్లో కూర్చుని రుద్దాడు, అదీ వంకరగా. చేతకానివాడు. తొందరపాటు మనిషి. చేతకానితనం కనపడకుండా గ్రీజు గరిటెలతో పోశాడు. వీడు జన్మలో ఏ పనీ తిన్నగా చేసి ఉండడు లైల్. ఇలాంటివాణ్ణి నేను మైలు దూరంనించి గుర్తుపడతాను.”

పాపం ఎవరో, అంత తిట్టక్కర్లేదన్నాడు లైల్. జాలిపడకు, జాలి దర్యాప్తుకి తుప్పు అన్నాడు వెండెల్. ఆ తర్వాత ఊళ్ళో కనపడ్డ ప్రతివాడికీ ఇదే మాట చెప్పాడు.

ఆదివారం వచ్చింది. చర్చి అయ్యాక అందరూ ముందు ఓపల్ ఇంట్లో చేరాలని, అక్కడ నిజం బయటపెడతానని, ఆ తర్వాతే కొండమీదికి వెళ్ళి వర్లిన్ పేరున కాల్చాలని వెండెల్ ఇంటింటికీ చెప్పి వచ్చాడు. ఓపల్ సరేనంది. ఆవిడకీ నిజం కావాలి.

ఓపల్ ఇంటికి ఒక ఆచారం ఉంది. పెళ్ళయి వచ్చిన రోజునే పెట్టింది. ప్రాణమున్న తుపాకీ ఆవిడ గడప దాటకూడదు. గుమ్మంలో స్టూలుమీద రొట్టెల బుట్ట ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ రైఫిల్ విప్పి, బోల్టు బుట్టలో వేసి, ఆ ఉత్త కట్టెని గోడకి ఆనించి లోపలికి రావాలి. గుడిముందు చెప్పులు వదిలినట్టు అలా బోల్టులు వదలడం అక్కడి మగాళ్ళకి అలవాటైపోయింది. వర్లిన్ కూడా తన సొంత ఇంట్లోకి అలాగే వచ్చేవాడు. ఆ ఆదివారమూ అందరూ వేశారు. వెండెల్ తను చెప్పబోయే ఉపన్యాసం గొణుక్కుంటూ, చూపు ఇంటి కప్పు మీద పెట్టి, తన బోల్టు లాగి బుట్టలో పడేశాడు. తర్వాత ఆ బుట్టని స్టూలుతో సహా వంటగదిలోకి తెచ్చి పక్కన పెట్టించుకున్నాడు, సాక్ష్యాలకి గాంభీర్యం ఉండాలని.

“మిస్ ఓపల్, పెద్దలారా,” అని మొదలుపెట్టాడు. ఆ కొండల్లో పెళ్ళయిన పెద్దావిడనైనా గౌరవంగా మిస్ అనే పిలుస్తారు. మొదలుపెట్టాడంటే పెట్టాడు. బెల్జియం చరిత్ర చెప్పాడు. ఇనుము చరిత్ర చెప్పాడు. వీపులు గోడకి ఆనాయి. ఎస్టిల్ కళ్ళు మూతపడ్డాయి. లైల్ తలుపు దగ్గర నిలబడ్డాడు, కూర్చోమని ఎవరూ అనలేదు.

“ఆ ద్రోహి ఎక్కడో లేడు,” అన్నాడు వెండెల్, కోటు జేబులోంచి పరాయి బోల్టు తీసి పైకెత్తి. “ఈ బోల్టు ఎవడిదో వాడే దొంగ. లేదా దొంగకి చుట్టం. వాడు ఈ గదిలోనే మనమధ్య నిలబడి, మన కాఫీ తాగుతున్నాడు.”

ఆ సమయానికి కాఫీ తాగుతున్నవాడు వెండెల్ ఒక్కడే. ఎడమచేత్తో కప్పు, కుడిచేత్తో బోల్టు. మరి లైల్ వైపు చూపించాలంటే మూడో చెయ్యి కావాలి. అది లేక, మోచెయ్యి విసిరాడు. మోచెయ్యి బుట్టకి తగిలింది. బుట్ట, స్టూలు, కాఫీ, బోల్టులు అన్నీ కలిసి ఓపల్ వంటగది నేలమీదికి వచ్చాయి.

పెద్ద చప్పుడైంది. ఎస్టిల్ లేచి, కాల్చడం అయిపోయిందా అని అడిగాడు. అందరూ మోకాళ్ళ మీద పడి వెతుక్కున్నారు. ఎవరి బోల్టు వాళ్ళకి చేతికి తగలగానే తెలుస్తుంది. ఒకరి తర్వాత ఒకరు తమది తుడుచుకుంటూ లేచారు. ఒకటి పొయ్యి కిందికి దొర్లిపోయింది. ఓపల్ చీపురు తెచ్చి దాన్ని బయటికి లాగింది. చేతిలోకి తీసుకుని, గ్రీజు అంటిన పక్కని ఆప్రన్‌తో తుడిచి, అలాగే ఉండిపోయింది.

కింది పక్కన చిన్న ఎర్ర చుక్క ఉంది.

“ఇది వర్లిన్‌ది,” అంది.

ఎలా తెలుసని ఎవరూ అడగలేదు, ఆవిడే చెప్పింది. “ఇది నా గోళ్ళ రంగు. మా పెళ్ళిరోజుకి కొనుక్కున్నాను. చూపు ఆనడం లేదు, నంబరు కనపడటం లేదు, గుర్తు కావాలని నాకు చెప్పకుండా తీసి దీనికి పూశాడు. నేను వేసుకోకముందే. రెండ్రోజులు మాట్లాడలేదు నేను ఆయనతో.” ఆవిడ ఆ చుక్కని బొటనవేలితో నిమిరింది. “ఎందుకు మాట్లాడలేదో, అంత చిన్నదానికి.”

ఎస్టిల్ నంబరు చూశాడు. కలిసింది. అది ఎవరి రైఫిల్లోంచి వచ్చిందని గదిలో ఒక్కొక్కరినీ చూశాడు. ప్రతివాడి చేతిలోనూ ఎవడి బోల్టు వాడిది ఉంది. లైల్ అమెరికా బోల్టు లైల్ చేతిలో ఉంది. వెండెల్ చేతిలో పరాయి బోల్టు ఒక్కటే ఉంది.

“వెండెల్, నీదేది?” అన్నాడు ఎస్టిల్.

“బుట్టలో వేశాను.”

“బుట్టలో మిగిలింది ఇదొక్కటే.”

వెండెల్ ఓపల్ చేతిలో ఉన్నదాన్ని చూశాడు. తన చేతిలో ఉన్నదాన్ని చూశాడు. వంటింటి బల్లమీద వంకరగా రుద్దిన ఆకురాయి గీతలు, గరిటెలతో పోసిన గ్రీజు. భూతద్దం కోసం జేబు తడుముకుని, మళ్ళీ అక్కర్లేదనుకున్నాడు. ఊళ్ళో అందరి బోల్టులూ చూసినవాడు తనదొక్కటి చూసుకోలేదు.

అప్పుడు లైల్‌కి గుర్తొచ్చింది. వర్లిన్‌ని పూడ్చిన రోజు. కొండమీద వందనంగా తూటాలు కాల్చి అందరూ ఇక్కడికే వచ్చారు. వర్లిన్ రైఫిల్ లైల్ మోసుకొచ్చాడు, దాని బోల్టు కూడా ఇదే బుట్టలో వేశాడు. ఆరోజు అందరికంటే ఎక్కువ ఏడ్చినవాడు వెండెల్. చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, ఎవరితోనూ చెప్పకుండా, బుట్టలో చెయ్యిపెట్టి చేతికొచ్చింది తీసుకుని వెళ్ళిపోయాడు. చివరికి బుట్టలో మిగిలినదాన్ని లైల్ వర్లిన్ రైఫిల్లో పెట్టేశాడు. ఆరోజున నంబర్లు చూసే మనసు ఎవరికుంది?

“ఆరోజు నాకు కళ్ళు కనపడలేదు మిస్ ఓపల్,” అన్నాడు వెండెల్. చాలా చిన్న గొంతుతో అన్నాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మాటల్లో భూతద్దం అక్కర్లేనిది అదొక్కటే.

తర్వాత వెండెల్ కోటు సర్దుకున్నాడు, గడ్డం ఎత్తాడు.

“ఏదేమైనా, ద్రోహి ఈ గదిలోనే ఉన్నాడని నేను చెప్పానా లేదా?”

“చెప్పావు,” అంది ఓపల్. “వాడు ఎలాంటివాడో కూడా ఊరంతా తిరిగి చెప్పావుట. ఏ పనీ తిన్నగా చెయ్యడని. ఒక్కమాట తప్పుపోలేదు వెండెల్.”

మొదట ఎస్టిల్ నవ్వాడు. తర్వాత ఇంటి కప్పు లేచిపోయింది.

ఆ మధ్యాహ్నం కొండమీద వర్లిన్ రైఫిల్ తన బోల్టుతో తాను పేలింది. ఆఖరి తూటా ఓపల్ కాల్చింది, గురి తప్పింది, వర్లిన్ ఉంటే రెండ్రోజులు మాట్లాడేవాడు కాదంది. వెండెల్ రైఫిల్ కూడా వసంతకాలం తర్వాత మొదటిసారి ఒక్క తూటా ఇరుక్కోకుండా కాలింది. గాల్లో చెమ్మ తగ్గిందన్నాడు ఆయన.

అందరూ దిగిపోతున్నప్పుడు ఓపల్ లైల్‌ని ఆగమంది. రైఫిల్ ఆయన చేతికిచ్చి, “ఇది ఎక్కడుండాలని ఆయన చెప్పాడో అక్కడే ఉంచు,” అంది. “నిన్ను అడగాల్సింది. అడగకుండా గిన్నె పంపేశాను. తప్పు చేశాను లైల్.”

లైల్ ఆ సాయంత్రమే బీన్సు వండి ఎనామిల్ గిన్నె పట్టుకెళ్ళాడు. మర్నాడు అది తిరిగొచ్చింది. ఈసారి మెట్టుమీద కాదు, తలుపు తట్టి ఓపలే తెచ్చింది. రెండు చేతులతో మోసుకొచ్చింది, అంత బరువుగా ఉంది.

వెండెల్ తన బోల్టు మళ్ళీ పోగొట్టుకోకుండా ఓపల్ ఇంకో పని చేసింది. దానికి గులాబీ రంగు గోళ్ళ రంగుతో చిక్కుడుగింజంత చుక్క పెట్టింది. మంచులో కూడా కనపడుతుంది అది.

తర్వాత చాలా నెలలకి, పక్క ఊరినించి కొత్తగా క్లబ్బులో చేరిన ఒకాయన ఆ చుక్క చూసి ఇదేంటని అడిగాడు. వెండెల్ టోపీ సవరించుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“బెల్జియం ఆయుధాగారంలో పరీక్షాధికారి వేసే ముద్ర. పరమ అరుదైనది. ప్రపంచం మొత్తంలో ఇలాంటిది ఇదొక్కటే.”

వరండాలో కుర్చీలో కూర్చున్న లైల్ పక్కకి చూశాడు. పక్క కుర్చీలో ఓపల్ కాఫీ కప్పు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

“ఈసారి మాత్రం ఆయన చెప్పింది నిజమేనండీ,” అన్నాడు లైల్ ఆ కొత్తాయనతో.